చేతిలో 12 లక్షలు, నెలకు 95 వేల జీతం: మొదటి ప్రాపర్టీకి డబ్బు ఎలా సర్దుకోవాలి?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది. వయసు 29, హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, చేతికొచ్చే జీతం 95 వేలు. 18 వేల అద్దె, ఇంటి ఖర్చులు పోను నెలకు 35 వేలు మిగులుతున్నాయి. బ్యాంకులో 12 లక్షలు ఉన్నాయి. బ్రోకర్ మూడు దారులు చూపించాడు: షాద్‌నగర్ వైపు వెంచర్‌లో 150 గజాల ప్లాటు, 45 లక్షలు ఒకేసారి కడితే ప్రీ-లాంచ్ (పర్మిషన్లు రాకముందే అమ్మే) ఫ్లాటు, లేదంటే అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ మీద తిప్పుకోవడం. తక్కువపడేదానికి 8 లక్షల పర్సనల్ లోన్ తీసుకోమన్నాడు. ఊళ్లో నాన్నగారు రెండెకరాలు తాకట్టు పెడతానంటున్నారు. "అద్దెతోనే ఈఎంఐ కట్టేయొచ్చు" అని వీడియోల్లో చూశారు. ఏది మంచిదని మీ ప్రశ్న.

నేను చాలా ఏళ్లు బ్యాంకులో హౌసింగ్ లోన్ ఫైళ్లు చూశాను. ఇప్పుడు బయటినుంచి అదే పని చేస్తున్నాను. ముందు ఆ వీడియోల సంగతి తేల్చేద్దాం. అవి ఎక్కువగా అమెరికా లెక్కలు. అక్కడ కొన్ని ఊళ్లలో ఇంటి ధరతో పోలిస్తే అద్దె బాగా వస్తుంది, లోన్ 30 ఏళ్లకు ఒకే వడ్డీకి దొరుకుతుంది. మన దగ్గర అద్దె ఇంటి ధరలో ఏడాదికి 3 శాతం దగ్గర ఆడుతుంది, లోన్ వడ్డీ 8 శాతం దగ్గర. ఈ తేడా ఎవరో ఒకరు కట్టాలి. కట్టేది మీ జీతం.

ఒక లెక్క వేసి చూడండి. బాచుపల్లి, మియాపూర్ వైపు 70 లక్షల రెడీ ఫ్లాటు అనుకుందాం. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు హౌసింగ్ లోన్లకు ప్రాపర్టీ విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని ఆర్‌బీఐ నియమం. అంటే లోన్ 56 లక్షలు. మీ వాటా 14 లక్షలు. రిజిస్ట్రేషన్, స్టాంప్ డ్యూటీ అన్నీ కలిపి తెలంగాణలో సుమారు 7.5 శాతం, అంటే 5 లక్షల పైమాట. దానికి లోన్ రాదు, స్టాంప్ డ్యూటీని ఇంటి ఖరీదులో కలపకూడదని కూడా నియమమే. లీగల్ ఫీజు, ప్రాసెసింగ్, బ్రోకర్ కమీషన్, చిన్నచిన్న రిపేర్లు కలిపితే మీ చేతినుంచి పోయేది 21 లక్షలు. 8 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ దాదాపు 46,800. అద్దె 20 వేలు వస్తుందనుకున్నా మెయింటెనెన్స్, ఆస్తి పన్ను, మధ్యలో ఒక నెల ఖాళీ తీసేస్తే మిగిలేది నెలకు 15 వేలే. మిగతా 32 వేలు ప్రతి నెలా మీరు జేబులోంచి వేయాలి.

అందులో అసలు కూడా ఉంది కదా అంటారు, నిజమే. అసలు తీసేసి చూసినా మొదటి ఏడాది వడ్డీ 4.4 లక్షలు, చేతికొచ్చే అద్దె 1.8 లక్షలు. మీ 21 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటే వచ్చే వడ్డీ పోయింది, అది ఇంకో 1.4 లక్షలు. అద్దె తీసేస్తే నికరంగా పోయేది 4 లక్షలు. అంటే ఆ ఫ్లాటు ధర ఏడాదికి దాదాపు 5.7 శాతం పెరిగితేనే మీరు ఉన్నచోట ఉన్నట్టు. మొదట్లో పోయిన రిజిస్ట్రేషన్ ఖర్చు వెనక్కి రావడానికి ఇంకాస్త పెరగాలి. పెరిగేది ఫ్లాటు కింద మీకొచ్చే భూమి వాటా విలువ, కట్టడం విలువ ఏటా తగ్గుతుంది. అందుకే 40 గజాల వాటా ఉన్న పాత ఫ్లాటు ఒక్కోసారి 22 గజాల వాటా ఉన్న కొత్త టవర్ ఫ్లాటు కంటే మంచి బేరం. దీన్నిబట్టి కొనొద్దని కాదు నేను చెప్పేది. లోన్ మీద ప్రాపర్టీ కొంటే ధర పెరుగుతుందన్న నమ్మకం మీద మీ జీతాన్ని పందెం పెడుతున్నారని తెలిసి కొనండి. ఆ పందెం ఎన్నేళ్లు నిలబెట్టగలరో ముందే చూసుకోండి.

ఇప్పుడు బ్రోకర్ చూపించిన ప్లాటు. గజం 16 వేలు, 150 గజాలు, 24 లక్షలు. మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక ముక్క నన్ను ఆపింది: "రిజిస్ట్రేషన్ 8 లక్షలకే చేస్తారట, ఖర్చు తగ్గుతుందట." కథంతా ఇక్కడే ఉంది. కాగితం మీద ధర 8 లక్షలైతే బ్యాంకు ఆ 8 లక్షల మీదే లెక్క చూస్తుంది. 75 శాతం ఇచ్చినా 6 లక్షలు. మిగతా 18 లక్షలు మీరే తేవాలి. మీ దగ్గర 12 ఉన్నాయి. ఇంకా 6 లక్షలు, పైన రిజిస్ట్రేషన్ ఖర్చులు. బ్రోకర్ 8 లక్షల పర్సనల్ లోన్ అని ఎందుకన్నాడో తెలిసిందా? మీకోసం వేసిన ప్లాన్ కాదది, ఆ బ్లాక్ మనీకి సరిపడే లెక్క.

నష్టం అక్కడితో ఆగదు. కాగితం మీద చూపని ఆ 16 లక్షలు మీరు నగదుగా ఇవ్వాలి. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకుమించి నగదు తీసుకోవడాన్ని 2015 జూన్ నుంచి ఇన్‌కమ్ టాక్స్ చట్టం నిషేధించింది. తీసుకున్నవాడికి తీసుకున్నంత మొత్తం జరిమానా. "అది అమ్మేవాడి తలనొప్పి కదా" అనుకోకండి, రేపు అమ్మేది మీరే. నాలుగేళ్ల తర్వాత 30 లక్షలకు అమ్ముడుపోయిందనుకుందాం. కొనేవాడు లోన్ మీద కొంటున్నాడు, మొత్తం వైట్‌లోనే ఇస్తానంటాడు. మీ నిజమైన లాభం 6 లక్షలు. కాగితం మీద 8 లక్షలకు కొని 30 లక్షలకు అమ్మినట్టు, లాభం 22 లక్షలు. 12.5 శాతం చొప్పున 2.75 లక్షల పన్ను, పైన సెస్. లాభంలో దాదాపు సగం పన్నుకే పోయింది. ఈలోగా పర్సనల్ లోన్ ఈఎంఐ 17,800, ప్లాటు లోన్ ఈఎంఐ 6 వేలు. రూపాయి అద్దె రాని నేలకు నెలకు 24 వేలు. బ్యాంకులో మీ నిల్వ సున్నా. ఆ నెలల్లో ఉద్యోగం పోతే ప్లాటు అమ్ముకోవాలి, అవసరానికి అమ్మేవాడికి రేటు ఎవడూ ఇవ్వడు.

ప్లాటు కొనడమే తప్పని కాదు. హెచ్ఎండీఏ లేదా డీటీసీపీ (లేఅవుట్లకు అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థలు) ఆమోదించిన లేఅవుట్ అయి, పూర్తి ధరకు రిజిస్ట్రేషన్ చేస్తానంటే ప్లాటుకీ లోన్ దొరుకుతుంది. చాలా బ్యాంకులు ఇన్నేళ్లలో ఇల్లు కట్టాలని షరతు పెడతాయి, శాంక్షన్ లెటర్‌లో ఆ పేరా వెతికి చదవండి. పంచాయతీ లేఅవుట్లకు, ఫామ్ ప్లాట్ల పేరుతో గుంటల్లో అమ్మే వ్యవసాయ భూమికి హౌసింగ్ లోన్ రాదు. రాదంటే ఏదో అడ్డం ఉందన్నమాట. అమ్మేవాడు "మేమే ఇన్‌స్టాల్‌మెంట్లు ఇస్తాం, బ్యాంకు ఎందుకు" అంటే ఇంకా జాగ్రత్త.

ప్రీ-లాంచ్ గురించి తక్కువే చెప్తాను. రెరా (రియల్ ఎస్టేట్‌ను నియంత్రించే సంస్థ) రిజిస్ట్రేషన్ లేని ప్రాజెక్టును ప్రకటించకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని రెరా చట్టంలోనే ఉంది. అలాంటిది మీ బ్రోకర్ 100 శాతం అడుగుతున్నాడు. పర్మిషన్లు లేని చోట బ్యాంకు లోన్ రాదు కాబట్టే అంత డబ్బు మీ జేబులోంచి అడుగుతున్నారు. గజం భూమి రాసిస్తాం, యూడీఎస్ (విడదీయని భూమి వాటా) రిజిస్ట్రేషన్ చేస్తాం అని ధైర్యం చెప్తారు. వందలమందితో ఉమ్మడిగా ఉన్న ఆ వాటాతో మీరు విడిగా ఏమీ చేయలేరు. 45 లక్షల్లో 33 లక్షలు అప్పు తెచ్చి కట్టడమంటే బిల్డర్‌కు మీరు హామీ లేని ఫైనాన్షియర్ అయినట్టే, అదీ వడ్డీ లేకుండా.

అయితే లోన్ వచ్చినంత మాత్రాన టైటిల్ బంగారం అని కూడా అనుకోవద్దు. బ్యాంకు లీగల్ ఒపీనియన్ బ్యాంకు తన కోసం తీసుకునేది. 2024లో ప్రభుత్వ సంస్థ హైడ్రా చెరువుల ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు లోపల) కట్టినవి కూల్చినప్పుడు లోన్ తీసుకుని కొన్నవాళ్లూ రోడ్డున పడ్డారు. ఇల్లు పోయినా ఈఎంఐ ఆగదు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా, చెరువు బఫర్‌లో ఉందా, ఈసీలో (ఆస్తి మీద జరిగిన లావాదేవీల రికార్డు) లింక్ డాక్యుమెంట్లు తెగకుండా ఉన్నాయా అన్నది మీ సొంత లాయర్‌తో విడిగా చూపించుకోండి. ఆ ఫీజు దగ్గర పిసినారితనం వద్దు.

అగ్రిమెంట్ మీద తిప్పడం ఊపున్న మార్కెట్‌లో పనిచేస్తుంది, కాదనను. ధరలో పదో పాతికో శాతం ఇచ్చి, మూడు నెలలో ఆరు నెలలో గడువు పెట్టుకుని, ఆలోపు ఇంకొకరికి ఎక్కువకు అమ్మేస్తారు. బ్యాంకు లోన్ లేకుండానే పెద్ద ఆస్తి మీద లాభం. కానీ గడువు లోపల కొనేవాడు రాకపోతే రెండే దారులు: మిగతా డబ్బు ఎక్కడినుంచైనా తేవడం, లేదా అడ్వాన్స్ వదులుకోవడం. ఆ సమయంలో చేతికి దొరికేది రెండు రూపాయల వడ్డీ. నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. చక్రవడ్డీ వేసుకుంటే మూడేళ్లలో బాకీ 1.9 రెట్లు అవుతుంది. ఏ వెంచర్ అంత నమ్మకంగా పెరుగుతుంది? ఇది మార్కెట్‌లోనే తిరిగే మనుషుల వ్యాపారం, కొనేవాళ్లు వాళ్ల ఫోన్‌లో ఉంటారు. మీ ఫోన్‌లో లేరు.

పెరుగుతుందన్న నమ్మకం గురించి అమరావతి చుట్టుపక్కల అడగండి. 2015లో ల్యాండ్ పూలింగ్ మొదలైన తర్వాత అప్పు చేసి మరీ కొన్నవాళ్లున్నారు. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చాక కొనేవాడే లేడు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కదలిక వచ్చింది. సొంత డబ్బుతో కొన్నవాడు ఆ ఏళ్లు ఓపిక పట్టాడు. వడ్డీకి తెచ్చినవాడు మధ్యలోనే అమ్ముకుని పోయాడు. ఇద్దరూ కొన్నది ఒకే నేల.

పర్సనల్ లోన్ గురించి ఇంకో మాట, ఇది బ్యాంకు లోపలి లెక్క. మీ జీతంలో సగం దాకా ఈఎంఐలకు పోవచ్చని చాలా బ్యాంకులు చూస్తాయి. అంటే మీకు 47,500. 8 శాతానికి 20 ఏళ్ల లోన్‌కి లక్షకు ఈఎంఐ 836. ఈ లెక్కన మీ అర్హత 56 లక్షల పైన. 8 లక్షల పర్సనల్ లోన్ ముందే ఉంటే దాని 17,800 పక్కన పెట్టి మిగతాదాని మీద చూస్తారు, అర్హత 35 లక్షలకు పడిపోతుంది. 8 లక్షల కోసం 21 లక్షలు పోగొట్టుకున్నట్టు. హోమ్ లోన్ శాంక్షన్ అయ్యాక డిస్‌బర్స్‌మెంట్‌కు (డబ్బు విడుదలకు) ముందు పర్సనల్ లోన్ తీసుకుంటే తెలియదని కొందరు ఏజెంట్లు చెప్తారు. చెక్కు ఇచ్చేముందు బ్యాంకు సిబిల్ (మీ అప్పుల రికార్డు) మళ్లీ తీస్తే దొరుకుతుంది, అప్పటికి మీరు బయానా ఇచ్చేసి ఉంటారు.

మరి మార్జిన్, అంటే లోన్ పోను ధరలో మీరు పెట్టాల్సిన వాటా, ఎలా పోగేయాలి? చిట్టీ మన వాళ్లకు అలవాటైన దారి, నేను దాన్ని తీసిపారేయను. కానీ రిజిస్టర్ అయిన చిట్ కంపెనీలోనే వేయండి, కాలనీలో ఎవరో నమ్మకస్తురాలు నడిపేదాంట్లో కాదు. మొదటి నెలల్లో ఎక్కువ పాటకు ఎత్తితే అది ఖరీదైన అప్పు. 10 లక్షల చిట్టీ 7 లక్షలకు ఎత్తి మిగతా నెలలన్నీ కట్టుకుంటూ పోతారు. చివరిదాకా ఉంచుకుంటే అది పొదుపు. ఇంకోటి, చిట్టీ ఎత్తాలంటే షూరిటీలు కావాలి, ప్రభుత్వ ఉద్యోగులైతే మేలంటారు. అగ్రిమెంట్ గడువు ముంచుకొస్తుంటే షూరిటీల కోసం బంధువుల ఇళ్ల చుట్టూ తిరగడం పెద్ద టెన్షన్. అవసరం పడే నెలకు బాగా ముందే ఆ కాగితాలు సిద్ధం చేసుకోండి.

గోల్డ్ లోన్‌ను నెలా రెండు నెలల అడ్డానికి వాడొచ్చు. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇంకో నెలలో మెచ్యూర్ అవుతుంది, రిజిస్ట్రేషన్ ఈ వారమే అన్నట్టుంటే. తీర్చే డబ్బు ఎక్కడినుంచి, ఏ తేదీన వస్తుందో చెప్పలేకపోతే ఇంట్లో బంగారం ముట్టుకోవద్దు.

నాన్నగారి రెండెకరాలు వద్దు. దీంట్లో రెండో ఆలోచన లేదు. బ్యాంకులు వ్యవసాయ భూమి తాకట్టు మీద మీకు ప్లాటు కొనుక్కోవడానికి లోన్ ఇవ్వవు. కాబట్టి అది ప్రైవేటు వడ్డీ వ్యాపారి దగ్గరికే వెళ్తుంది. వాళ్లలో చాలామంది తాకట్టు రాయించుకోరు, హామీగా అంటూ సేల్ డీడే చేయించుకుంటారు. బాకీ తీర్చాక తిరిగి రాసిస్తామంటారు. ఈలోగా భూమి రేటు పెరిగితే ఆ మాట నిలబడుతుందన్న గ్యారెంటీ ఏముంది?

మీ స్థానంలో ఉన్నవాళ్లకు నేను వేసే లెక్క ఇలా ఉంటుంది. 12 లక్షల్లో 3 లక్షలు ఉద్యోగం పోతే బతకడానికి, వాటిని మర్చిపోండి. మిగిలినవి 9. ఇల్లు కొనడానికి మీ చేతినుంచి పోయేది ధరలో సుమారు 30 శాతం: 20 శాతం మార్జిన్, 7.5 శాతం రిజిస్ట్రేషన్, మిగతా రెండున్నర శాతం చిల్లర ఖర్చులు. అంటే ఈరోజు మీరు కొనగలిగింది 30 లక్షల ఆస్తి. 30 లక్షల లోపు లోన్లకు 90 శాతం దాకా ఇవ్వొచ్చని నియమం ఉంది కానీ, పాత ఫ్లాట్లకు బ్యాంకులు అంతదాకా రావడం తక్కువ. వాల్యుయర్ వేసిన విలువ, అగ్రిమెంట్ ధర, రెండింట్లో తక్కువదాని మీదే లోన్ అని కూడా గుర్తుంచుకోండి.

రెండేళ్లు ఆగి, మిగిలే 35 వేలల్లో 30 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే వడ్డీతో కలిపి మీ చేతిలో 17 లక్షలు ఉంటాయి. అప్పుడు 55 లక్షల దాకా చూడొచ్చు. ఆ మొదటి ఇల్లు మీరు ఉండటానికే కొనండి. ఇన్వెస్ట్‌మెంట్ అడిగితే ఉండే ఇల్లు చెప్తున్నాడేంటి అనుకోవచ్చు. ఇందాకటి 70 లక్షల ఫ్లాటు లెక్కలో అద్దెకిచ్చినవాడికి ఖాళీ నెలలు, మెయింటెనెన్స్ పోయి మూడొంతులే చేతికొచ్చింది. మీరే ఉంటే ఇప్పుడు కడుతున్న 18 వేలు పూర్తిగా మిగులుతాయి. 44 లక్షల లోన్‌కు ఈఎంఐ 36,800 అయితే అదనంగా పడే భారం 19 వేలే, మెయింటెనెన్స్ వేరు. వడ్డీ 10 శాతానికి వెళ్లినా ఈఎంఐ 42,500 దగ్గర, మీ జీతం మోస్తుంది.

వడ్డీ పెరిగే సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు (ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) 4 నుంచి 6.5 శాతానికి వెళ్లింది. 6.75 శాతానికి 20 ఏళ్ల లోన్ తీసుకున్నవాడి ఈఎంఐ లక్షకు 760. వడ్డీ 9.25 అయ్యేసరికి లక్షకు నెలకు వడ్డీయే 771. కట్టే ఈఎంఐ వడ్డీకి కూడా చాలలేదు. కొందరికి గడువు రిటైర్మెంట్ దాటి పోయింది. ఆ తర్వాతే 2023 ఆగస్టులో ఆర్‌బీఐ, ఈఎంఐ పెంచాలా గడువు పెంచాలా అన్నది కస్టమర్‌ను అడగాలని బ్యాంకులకు చెప్పింది. అందుకే లోన్ తీసుకునేటప్పుడే ఇప్పటి వడ్డీకి 2 శాతం కలిపి ఈఎంఐ లెక్కేసుకోండి. అది కట్టలేమనిపిస్తే ఆ లోన్ పెద్దదైనట్టే.

పన్ను మిగులుతుందని బ్రోకర్ చెప్పిన మాట పాత పద్ధతిలో ఉన్నవాళ్లకు. కొత్త పద్ధతిలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు. అద్దెకిచ్చిన ఇంట్లో నష్టం వస్తే దాన్ని జీతంలో తగ్గించుకోవడమూ కుదరదు. మీరు ఏ పద్ధతిలో ఉన్నారో మీ హెచ్ఆర్‌ను అడగండి. పన్ను కోసం మాత్రం ఇల్లు కొనకండి.

ఈ రెండేళ్లలో రియల్ ఎస్టేట్ రుచి చూడాలనిపిస్తే అప్పు లేకుండా రీట్లలో (పెద్ద భవనాలు కొని వాటి అద్దెను పంచే ఫండ్లు) కొద్దిగా పెట్టొచ్చు. మైండ్‌స్పేస్ రీట్‌కు మాదాపూర్‌లో ఆఫీసు భవనాలున్నాయి, ఒక్క యూనిట్ కూడా షేర్ లాగే కొనొచ్చు. పంచగలిగే డబ్బులో 90 శాతం యూనిట్లున్నవాళ్లకు పంచాలన్నది మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం. ధర పడిపోవడం కూడా ఉంటుంది, అందుకని మార్జిన్ డబ్బంతా తీసుకెళ్లి అక్కడ పెట్టకండి.

లోన్ తీసుకునే రోజు వచ్చినప్పుడు రెపోకు కట్టిన ఫ్లోటింగ్ రేటే అడగండి. ముందుగా తీర్చినా వ్యక్తులకు ఫ్లోటింగ్ హోమ్ లోన్‌లో పెనాల్టీ లేదు. ఓవర్‌డ్రాఫ్ట్ రకం హోమ్ లోన్ ఉందేమో చూడండి, స్టేట్ బ్యాంక్‌లో మ్యాక్స్‌గెయిన్ అలాంటిదే. బోనస్ వచ్చినప్పుడు అందులో వేస్తే వడ్డీ తగ్గుతుంది, అవసరమైతే తిరిగి తీసుకోవచ్చు. వడ్డీ కాస్త ఎక్కువుంటుంది, బోనస్‌లు పెద్దగా రానివాడికి దానివల్ల లాభం లేదు. లోన్‌తో పాటు ఒకేసారి కట్టే ఇన్సూరెన్స్ ప్రీమియాన్ని లోన్‌లోనే కలిపేస్తామంటారు, తప్పనిసరి అన్నట్టు మాట్లాడతారు. తప్పనిసరి కాదు. విడిగా టర్మ్ పాలసీ తీసుకుంటే తక్కువలో అయిపోతుంది, పైగా ఆ ప్రీమియం మీద 20 ఏళ్లు వడ్డీ కట్టక్కర్లేదు.

ఒకవేళ షాద్‌నగర్ ప్లాటు మీదే మనసుంటే వెంచర్ వాళ్లను ఒకే ఒక మాట అడగండి: మొత్తం 24 లక్షలకు చెక్కు ఇస్తాను, 24 లక్షలకే రిజిస్ట్రేషన్ చేస్తారా? సరే అంటే లేఅవుట్ పర్మిట్ నంబరు, ఈసీ తీసుకుని ఇక్కడ రాయండి, ఆ కాగితాల మీద మాట్లాడుకుందాం.